షిఫ్టు దిగాక పదో తరగతి

నా దగ్గరికి వచ్చేవాళ్లెవరూ ముందుగా సిలబస్ సంగతి అడగరు. "సర్టిఫికెట్ ఎన్ని నెలల్ల వస్తది మేడం?" అనే అడుగుతారు. దానికి జవాబు చెప్పకుండా నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఎందుకు కావాలి? ఈ మాటకు కొందరికి చిర్రెత్తుకొస్తుంది. అందరికీ ఉంది, మాకూ కావాలి, అందులో అడిగేదేముంది అంటారు. అయినా నేను వదలను. ఎందుకో తెలిస్తేగాని ఏం చదవాలో తేలదు. ఓపెన్ స్కూలు పదో తరగతిలో సౌకర్యమూ చిక్కూ రెండూ అక్కడే ఉన్నాయి.

చందానగర్‌లో ఓ ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. అది మానేశాక ఈ పనిలోకి వచ్చాను. అంజయ్యనగర్‌లో ఒక మేడ మీద రేకుల గది, తెల్లబోర్డు, నాలుగు చాపలు. నా విద్యార్థులంతా మైండ్‌స్పేస్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ టవర్లలో పనిచేసేవాళ్లే. హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, ఫుడ్ కోర్టులో గిన్నెలు కడిగేవాళ్లు, క్యాబ్ డ్రైవర్లు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటినుంచి హైటెక్ సిటీ ఉద్యోగం అంటే కంప్యూటర్ ముందు కూర్చునేదే అని లోకం అనుకుంటుంది. ఆ కంప్యూటర్ బల్ల తెల్లారేసరికి తుడిచి ఉండాలంటే నారాయణఖేడ్ నుంచో, కోస్గి నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చిన ఒకావిడ ఉదయం ఆరుకే ఐడీ కార్డు మెళ్లో వేసుకుని లోపల ఉండాలి.

నా క్లాసులో మనుషుల్ని పేర్లతో కంటే ఊళ్లతో పిలవడం అలవాటు. నారాయణఖేడ్ అక్క, కోరుట్ల తమ్ముడు, పలాస వదిన. ఇక్కడా అలాగే చెబుతాను.

ముందు ఈ చదువు తీరు కొంచెం చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో 1991లో ఓపెన్ స్కూల్ సొసైటీ వచ్చింది. రాష్ట్రం విడిపోయాక మన వైపుది తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ అయింది, అందరూ టాస్ అంటారు. పదో తరగతికి 14 ఏళ్లు నిండి, చదవడం రాయడం వస్తే చాలు. అయిదో తరగతిలో మానేసినా, తొమ్మిదిలో మానేసినా ఒకటే. పై వయసుకు హద్దు లేదు. అయిదు సబ్జెక్టులు తీసుకోవాలి, అందులో భాష ఉండాలి. పాసవ్వడానికి 35. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఎండాకాలంలో ఒకటి, దసరా చుట్టుపక్కల ఒకటి. అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. ఒడిశా, బిహార్ పిల్లలు వస్తే వాళ్లను కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూలుకు పంపుతాను. అది 1989లో మొదలైంది, హిందీ మాధ్యమం దొరుకుతుంది, అక్కడ పాస్ మార్కు 33.

ఇక అసలు వెసులుబాటు. లెక్కలు తప్పనిసరి కాదు. లెక్కల బదులు గృహ విజ్ఞానం తీసుకోవచ్చు, అర్థశాస్త్రం తీసుకోవచ్చు. ఈ మాట చెప్పగానే మొహాలు వెలిగిపోతాయి. జీవితమంతా లెక్కలు చెప్పి బతికినదాన్ని, ఆ వెలుగు చూస్తే నాకు కొంచెం గుచ్చుకున్నట్టే ఉంటుంది.

కోరుట్ల తమ్ముడి సంగతి తేలిక. నానక్‌రామ్‌గూడలో నైట్ గార్డు. అన్న దుబాయిలో ఉన్నాడు, తనూ పోవాలి. పది పాసవ్వకపోతే పాస్‌పోర్టు ఈసీఆర్ కింద వస్తుంది. గల్ఫ్ దేశాలతో కలిపి మొత్తం 18 దేశాలకు పనికి వెళ్లాలంటే అలాంటివాళ్లు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. 1983 నాటి వలసల చట్టం పెట్టిన కాపలా అది. కూలీలు మోసపోకూడదని పెట్టారు. తమ్ముడికి మాత్రం అది ఏజెంటు చేతిలో ఇంకో ఖర్చుగా కనిపిస్తుంది. పది పాసైన మెమో ఉంటే ఆ గొడవ లేదు. అతనికి మార్కులతో పనిలేదు, సబ్జెక్టులతో పనిలేదు. తెలుగు, హిందీ, సాంఘికం, అర్థశాస్త్రం, గృహ విజ్ఞానం. మీసాలు తిప్పుకుంటూ పిల్లలకు వేయాల్సిన టీకాలు, పప్పులో ఉండే మాంసకృత్తులు అప్పజెప్పేవాడు. పక్కన పలాస వదిన కిసుక్కుమని నవ్వేది.

మరి తమ్ముడితో వచ్చిన ఇంకో గార్డుకు ఇదే సలహా చెప్పగలనా? అతనికి పాలిటెక్నిక్ చదవాలని ఉంది. ఇరవై ఏళ్లవాడు. పాలిసెట్ రాయాలంటే పదిలో లెక్కలు ఉండి తీరాలి. స్నేహితుడితో పాటు గృహ విజ్ఞానం తీసుకుంటే పది పాసవుతాడు, దారి మాత్రం మూసుకుపోతుంది. ఫారం నింపేచోట ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ. ఏది తేలికో అదే టిక్కు పెట్టి పంపిస్తారు. అందుకే నా పనిలో సగం చాక్‌పీసు పట్టకముందే అయిపోతుందంటాను.

వయసు మళ్లినవాళ్లు కొందరు ఇంకో మాట తెస్తారు. "మా మామ టెన్త్ లేకుండనే డిగ్రీ జేసిండు గద?" నిజమే. 1982లో పెట్టిన మన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేడ్కర్ యూనివర్సిటీ, బడి మొహం చూడనివాళ్లకు కూడా ఒక అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకునేది. దేశంలో రాష్ట్ర స్థాయిలో అలాంటిది అదే మొదటిది. దాని ఆవరణ ఇక్కడికి దగ్గరే, జూబ్లీహిల్స్‌లో. చాలా పెద్ద పని అది. కానీ ఆ మామగారికి కూడా ఎక్కడో ఒక కౌంటర్‌లో పది మెమో అడిగే ఉంటారు. మన దేశంలో పుట్టిన తేదీకి సాక్ష్యం తల్లి కాదు, పది మెమో.

పుట్టిన తేదీ అన్నాను కాబట్టి ఇది కూడా. నా క్లాసులో సగం మంది జనవరి 1న పుట్టారు. ఆధార్ నమోదు చేసినరోజు తేదీ తెలియదంటే, ఏడాది ఒక్కటి అంచనా వేసి జనవరి 1 కొట్టారు. ఓపెన్ స్కూలు ఫారంలో అదే పడుతుంది, మెమోలో అదే అచ్చవుతుంది, ఇక జీవితాంతం అదే. అందుకే దరఖాస్తు పెట్టకముందే ఆధార్, బ్యాంకు పుస్తకం, ఉంటే పాత బడి టీసీ, అన్నీ చాప మీద పరిపిస్తాను. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఒకదాంట్లో వెనక. ఒకదాంట్లో పేరు చివర అమ్మ, ఇంకోదాంట్లో బాయి. ముందు ఆధార్ సరిచేసుకుని రమ్మంటే మళ్లీ కనిపించనివాళ్లూ ఉన్నారు.

స్టడీ సెంటర్లలో కాంటాక్టు క్లాసులు పెడతారు. ఆదివారాలు, సెలవు రోజుల్లో. పనిచేసుకునేవాళ్లకు వీలుగా ఉండాలనే అలా పెట్టారు, మంచి ఆలోచనే. ఐటీ కారిడార్‌లో అది తిరగబడుతుంది. శని, ఆదివారాలు ఆఫీసులు ఖాళీ. ఖాళీగా ఉన్నప్పుడే డీప్ క్లీనింగ్. కార్పెట్లకు షాంపూ, అద్దాలకు బయటినుంచి తుడుపు, నేలకు స్క్రబ్బింగ్ మెషీన్. సాఫ్ట్‌వేర్ వాళ్ల సెలవు హౌస్‌కీపింగ్ వాళ్లకు పెద్ద పని రోజు. వారంలో ఎవరి ఆఫ్ ఎప్పుడో రోస్టర్ పడితేగాని తెలియదు. నాలాంటివాళ్లకు బతుకుతెరువు ఆ సందులోనే పుట్టింది. పొద్దున షిఫ్టువాళ్లు మధ్యాహ్నం రెండుకు దిగి మూడింటికి వస్తారు, మధ్యాహ్నం షిఫ్టువాళ్లు పొద్దున పదింటికి. ఒకే పాఠం రోజూ రెండుసార్లు చెబుతాను. రోస్టర్ మారిన వారం పొద్దుటివాళ్లు మధ్యాహ్నంలోకి వస్తారు కాబట్టి రెండు బ్యాచులూ ఒకే పేజీలో ఉండాలి. ఒకరు వెనకబడితే ఇద్దరినీ ఆపాల్సిందే.

నారాయణఖేడ్ అక్క వచ్చింది అలా మధ్యాహ్నం బ్యాచులోకే. ఏడో తరగతిలో మానేసి, పెళ్లయి, ఇద్దరు పిల్లలతో నగరానికొచ్చిన మనిషి. ఒక టవర్లో రెండు అంతస్తుల బాత్రూములు ఆమెవి. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయితే పది పాసైనవాళ్లకే ఇస్తామన్నారు. పని నేర్పించింది ఈమె, పోస్టు దక్కింది ఈమె దగ్గర నేర్చుకున్న అమ్మాయికి. ఆ కడుపుమంటతో మేడ ఎక్కింది.

సైన్సు అంటే భయం అంది. ఆమ్లాలు, క్షారాలు పాఠం తీశాను. నిర్వచనం చదివితే మొహంలో ఏమీ కదల్లేదు. పుస్తకం మూసి, మీ దగ్గర ఏమేం కెమికల్స్ ఉంటాయని అడిగాను. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆర్-1 బాత్రూముకు, ఆర్-2 నేలకు, ఆర్-3 అద్దాలకు, ఆర్-4 ఫర్నిచర్‌కు, ఆర్-5 వాసనకు, ఆర్-6 కమోడుకు.

"ఆర్-6 మార్బుల్ మీద పోస్తారా?"

"అయ్యో, పోస్తే నౌకరి పోతది మేడం. మార్బుల్ మీద బడితే బుస్సుమని పొంగి తెల్ల మచ్చ అయితది. ఎంత తుడిచినా పోదు."

అదీ పాఠం. ఆర్-6లో ఉన్నది ఆమ్లం. మార్బుల్ అంటే కాల్షియం కార్బొనేట్. రెండూ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పైకొస్తుంది, రాయి కొంత కరిగిపోతుంది. అందుకే ఆ మచ్చ తుడిస్తే పోయేది కాదు, అక్కడ రాయి నునుపే పోయింది. బోర్డు మీద సమీకరణం రాసి, బుడగ ఇదిగో ఇదే అని గీత గీశాను. ఆర్-2 లీటరు నీళ్లకు 20 మిల్లీలీటర్లు వేస్తామంది. పది లీటర్ల బకెట్‌కు ఎంత అంటే, "రెండొందలు" అని నేను అడగడం పూర్తికాకముందే అంది. ఒకటికి యాభై నిష్పత్తి ఆమె చేతుల్లో ఉంది. నేను నేర్పాల్సింది దాన్ని అంకెల మధ్య రెండు చుక్కలు పెట్టి రాయడం ఒక్కటే.

ఇదంతా విని, వీళ్లకు అన్నీ తెలుసు, కాగితం మీద పెట్టడమే తరువాయి అని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. వారాంతాల్లో పాఠాలు చెప్పడానికి వచ్చే ఐటీ పిల్లలు అలాగే అనుకునేవారు. తెలిసినదానికీ కాగితానికీ మధ్య దూరం చాలా ఉంది. అది నెలల దూరం. ముందు చెయ్యి. మాప్ కర్ర, ట్రాలీ పట్టిన చెయ్యి పెన్ను పట్టి అరగంట రాస్తే బొటనవేలి మొదట్లో లాగుతుంది. పరీక్ష మూడు గంటలు. అందుకని మొదటి నెల నేను సబ్జెక్టు చెప్పను. ఎక్కాలు, ఊరి పేర్లు, పిల్లలకు ఉత్తరం, ఏదో ఒకటి రాయిస్తాను. గార్డులకు ఇంకో రకం ఇబ్బంది. విజిటర్ రిజిస్టర్‌లో రోజంతా రాస్తారు. బండి నంబరు, వచ్చిన టైము, పోయిన టైము, అన్నీ పెద్ద ఇంగ్లిషు అక్షరాల్లో. పొట్టి పొట్టి గళ్లలో రాసి రాసి, అయిదు వాక్యాలు ఒకదాని వెంట ఒకటి రాయమంటే ఒక్కో మాట ఒక్కో లైన్లో పెట్టేస్తారు.

లెక్కల దగ్గర నేను పుస్తకం వరుస పాటించను. పుస్తకంలో వడ్డీ లెక్క ఏడాదికి ఇంత శాతం అని మొదలవుతుంది. మా వాళ్లకు తెలిసిన వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయలు. "రెండు రూపాయల వడ్డీ" అంటే చవకే అనిపిస్తుంది. ఏడాదికి 24 శాతం అని బోర్డు మీద రాసి, పక్కనే బ్యాంకులో బంగారం పెడితే పడే వడ్డీ ఎవరైనా తెలుసుకుని రండి అంటాను. మర్నాడు కొందరు పాఠం సంగతి మరిచి అప్పుల సంగతి మాట్లాడతారు. మాట్లాడనిస్తాను.

శాతాలు మాత్రం పే స్లిప్పుతో చెబుతాను. ఫోన్లో మెసేజ్‌గా వచ్చే జీతం తప్ప స్లిప్పు చూడనివాళ్లే ఎక్కువ. పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం. మూల వేతనం 12,000 ఉంటే పీఎఫ్‌కు 1,440 పోతుంది. మొత్తం జీతం 14,000 అయితే ఈఎస్ఐకి 105. సున్నా పాయింట్ డెబ్బై అయిదు అనే దశాంశం పుస్తకంలో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు గానీ, తమ జీతంలో కోసిన 105 రూపాయలై కనబడితే ఎక్కుతుంది. ఆ పూట నారాయణఖేడ్ అక్క స్లిప్పు తిప్పి తిప్పి చూసి, ఓటీ గళ్లో వేలు పెట్టింది. డబుల్ డ్యూటీ చేసిన గంటలకు రెట్టింపు కట్టాలని చట్టం. ఆమెకు మామూలు రేటే పడింది.

ఆమెకు నేను మొదట ఇచ్చిన సలహా లెక్కలు వద్దనే. సూపర్‌వైజర్ పోస్టుకు పది పాసైతే చాలు, లెక్కలతోనే పాసవ్వాలని ఎవరూ అనలేదు. ఆ స్లిప్పు చూసినరోజు ఫారం మార్చమంది.

"సూపర్‌వైజర్ నైతే అందరి అటెండెన్సు, ఓటీ నేనే కట్టాలె గద మేడం. నాకు రాకపోతే వాళ్లకు గూడ గిట్లనే పడతది."

నేనేమీ వాదించలేదు. లెక్కల టీచరును, ఎందుకు వాదిస్తాను?

వారాంతపు ఐటీ పిల్లల గురించి చెప్పాను. మంచివాళ్లు, ప్రాజెక్టర్ తెస్తారు, బిస్కెట్లు తెస్తారు. "రిలీజ్ ఉంది మేడం" అని ఒక నెల మాయమవుతారు. వాళ్లలో ఒకతను అమెరికాలో కొన్నేళ్లుండి వచ్చాడు. అక్కడ ఇలాంటిదానికి జీఈడీ అనే పరీక్ష ఉందని, రెండో ప్రపంచ యుద్ధం వల్ల చదువు ఆగిన సైనికుల కోసం 1942లో మొదలైందని చెప్పాడు. నాలుగే పేపర్లట, లెక్కలు మాత్రం తప్పవట. సైనికులకు ఇంటికెళ్లాక చదువుకునే తీరిక దొరికి ఉంటుంది, మాకు రోస్టర్ ఉంది అన్నాను. కానీ అక్కడ కూడా రాత్రి షిఫ్టులు చేసి రాసేవాళ్లు ఉంటారని అతనే అన్నాడు.

ఈ దారిలో నాకు పోటీ ఇంకో టీచరు కాదు. కరెంటు స్తంభాలకు అంటించిన కాగితాలు. "టెన్త్ ఫెయిలా? ఒకే సిట్టింగ్‌లో సర్టిఫికెట్." ఫోన్ నంబరు తప్ప పేరు ఉండదు. ఓ ఫుడ్ కోర్టు కుర్రాడు చిట్టీ ఎత్తి మరీ అక్కడ డబ్బు కట్టాడు. ఏదో దూరపు రాష్ట్రపు బోర్డు పేరుతో తళతళలాడే మెమో వచ్చింది. ఐటీ పార్కుల్లో ఊడ్చేవాళ్లకు కూడా బీజీవీ ఉంటుంది, అంటే ఇచ్చిన కాగితాలు అసలువో కావో కంపెనీ ఆరా తీయిస్తుంది. ఆ బోర్డే లేదని తేలింది. ఉన్న ఉద్యోగం పోయింది, చిట్టీ వాయిదాలు మిగిలాయి. ఇప్పుడు నా దగ్గరే చదువుతున్నాడు. మాటిమాటికీ ఇది గవర్నమెంటుదే కదా మేడం అని అడుగుతాడు.

ఓపెన్ పరీక్షల్లో చూసి రాయనిస్తారంట కదా అనే మాట కూడా ప్రతి బ్యాచులో వస్తుంది. ఆ పేరు ఊరికే రాలేదు, చూచిరాతల వార్తలు పత్రికల్లో ఏటా చదివేవే. నేను నీతులు చెప్పను. స్క్వాడ్ వస్తే డిబార్ అవుతారు, కట్టిన ఫీజు పోతుంది, అంతే చెబుతాను. కరోనా కాలంలో పరీక్షలు రద్దయి సబ్జెక్టుకు 35 చొప్పున వేసి అందరినీ పాస్ చేశారు. ఆ మెమో ఉన్నవాళ్లు ఇప్పటికీ ఇంటర్వ్యూలో "అన్నీ ముప్పై అయిదేనా" అనే వెకిలి నవ్వు చూస్తూనే ఉన్నారు. కష్టపడి చదివి కూడా అదే 35 తెచ్చుకున్నవాళ్లు వాళ్లలో ఎందరో.

పరీక్షల వారం నాకు చదువు చెప్పే పని ఉండదు, ఫోన్ల పనే. పేపరు ఉదయం తొమ్మిదికి. రాత్రి డ్యూటీ గార్డు దిగి, బట్టలు మార్చుకుని, సెంటర్ ఎక్కడో చందానగర్‌లోనో కూకట్‌పల్లిలోనో పడితే ట్రాఫిక్ ఈదుకుంటూ పోవాలి. కోరుట్ల తమ్ముడు యూనిఫాం మీదే వెళ్లి రాశాడు. గేటు దగ్గర ఇన్విజిలేటరు అతన్ని సెంటర్‌కు కాపలా అనుకున్నాడట. హౌస్‌కీపింగ్‌లో షిఫ్టులు మార్చుకోవడం ఆడవాళ్లే చూసుకుంటారు. నువ్వు నా సోమవారం చెయ్యి, నేను నీ దీపావళి చేస్తా. సూపర్‌వైజర్ చూసీ చూడనట్టు ఊరుకుంటే చాలు.

నారాయణఖేడ్ అక్క ఎండాకాలంలో రాసింది. నాలుగు పాసైంది, సైన్సులో 61. లెక్కల్లో 29. ఓటీ సంగతి ముందే వెళ్లి హెచ్ఆర్ దగ్గర కాగితం మీద కట్టి చూపించింది, మూడు నెలల తేడా జీతంలో పడింది. పోస్టు ఇంకా రాలేదు, మొత్తం పాసైనాక చూద్దామన్నారట.

మొన్న మధ్యాహ్నం వచ్చి నా ముందు పాత ప్రశ్నపత్రం పెట్టింది.

"ఆరు మార్కులే గద మేడం. త్రికోణమితి ఇడిసిపెడితే అయితదా?"

ఇద్దరం కూర్చుని పేపరు ముక్కలు చేశాం. వాణిజ్య గణితంలో ఆమెకు ఒక్క మార్కు పోలేదు. సాంఖ్యక శాస్త్రంలో సగటు చేసింది, మధ్యగతం దగ్గర అంకెల్ని వరుసలో పెట్టకుండానే నడిమిది పట్టుకుంది, అక్కడ మూడు పోయాయి. క్షేత్రమితి ముట్టుకోలేదు. అందులో అడిగింది బకెట్ ఘనపరిమాణం. ఆ మూడూ ఇదీ కలిస్తే గట్టెక్కుతుంది. త్రికోణమితి వదిలెయ్యమన్నాను. ఫీజు కట్టడానికి గడువు వచ్చే వారం దాకా ఉంది, జీతం ఏడో తారీకున పడుతుంది.